నడుమ వేలాడేది

అరవై దాటితే మొదలయ్యేది.
యాభై ఐదులో లేదు, ఎనభైలో లేదు,
సరిగ్గా ఆ మధ్యనే
బండి కడుపులో ఎవరో తిరగలి విసురుతున్నట్టు.
నారిన్ నుంచి అత్‌బాషికి రోజూ మూడు ట్రిప్పులు,
పద్దెనిమిది మంది, వాళ్ల మూటలు, ఒక్కోసారి ఓ గొర్రెపిల్ల,
అందరినీ ఎక్కించుకుని అది విసురుతూనే ఉంది.

టైర్లన్నాను.
రెండు మార్చాను. అప్పు మిగిలింది, మోతా మిగిలింది.
చక్రం బేరింగన్నాడు తమ్ముడు తాలాయ్.
మలుపుల్లో బరువు ఎడమకి వాలినా కుడికి వాలినా
మోత గొంతు మార్చలేదు.
చక్రానిదైతే మార్చాలి కదా.
కనుమ దిగుతూ గేరు తీసి వదిలాను.
ఇంజన్ నిట్టూర్చి ఊరుకుంది.
మోత ఊరుకోలేదు.
ముందున్నదానిది కాదు, వెనకున్నదానిదీ కాదు,
మధ్యలో ఎవరిదో.

బురుల్సున్ అవ్వది ఎప్పుడూ మూడో వరస, కిటికీ పక్క.
జీవితమంతా ఉన్ని వడికిన మనిషి.
వంతెన దగ్గర దిగుతూ, సోములు లెక్కపెట్టి నా చేతిలో పోస్తూ అంది:
"నీ కదురు తొణుకుతోందే జూరా.
నా పాదాలకి తెలుస్తోంది."

ఆదివారం. సున్నాకి ఇరవై రెండు కింద.
చక్రాలకి దిమ్మెలు పెట్టి, చిరిగిన షిర్దక్ పరుచుకుని
వెల్లకిలా దూరాను.
అవ్వ సీటుకి సరిగ్గా కింద, రెండు షాఫ్టులు కలిసే చోట
ఒక ఇనప పట్టీ, పట్టీలో రబ్బరు, రబ్బరులో బేరింగ్.
మా గ్యారేజీల్లో దాన్ని వేలాడేది అంటారు, అంతే.
షాఫ్టు పట్టుకుని ఎత్తితే
బొటనవేలు మందం లేచింది, వదిలితే కూలబడింది.
రబ్బరు చుట్టూతా తెగి
వేలాడాల్సింది కాస్తా పడుకుని ఉంది.

వేలాడటం కూడా ఒక పనేనని
ఎన్నడూ అనుకోలేదు.
ఇది తొయ్యదు, లాగదు,
తిరిగేదాని నడుము వంగకుండా చూస్తుంది.

విప్పే ముందు గుర్తులు పెట్టాలి.
సుద్ద ఈ మంచులో నిలవదు. కూతురి గోళ్ల రంగు తెచ్చాను.
ఈ ఫ్లాంజి మీద ఓ ఎర్ర గీత, ఎదుటిదాని మీద దాని జత.
ఇన్నేళ్లూ ఏది దేనితో తిరిగిందో దానితోనే కలపాలి,
లేదంటే కొత్తదీ నెల తిరక్కుండా మూలుగుతుంది.
మూడు బోల్టులు మర్యాదగా వచ్చాయి.
నాలుగోది మొండికేసింది.
డీజిలు పోశాను, టీ తాగాను, తిట్టాను, మళ్లీ డీజిలు.
చివరికి తాలాయ్ పానాకి పొడుగు పైపు తగిలించి
తనే వేలాడాడు.
పాత బేరింగ్ చేత్తో తిప్పితే ఇసక నమిలిన చప్పుడు.
కందెన ఉండాల్సిన చోట గోధుమరంగు పొడి.

కొత్తది ఎక్కించడానికి ప్రెస్ లేదు. చలి ఉంది.
షాఫ్టుని రాత్రంతా పెరట్లో మంచులో వదిలేశాను.
బేరింగ్‌ని గుడ్డలో చుట్టి పొయ్యి పక్కన, కెటిల్ చెంపన.
బయట ఒకటి ముడుచుకుంటుంటే
లోపల ఒకటి ఒళ్లు విరుచుకుంది.
తెల్లారకముందే చేతి తొడుగులతో పరుగు.
తొడిగితే, వేలెడు దూరం దాకా తనే జారింది.
మిగతాదానికి
లోపలి వలయానికి పైపు ముక్క ఆనించి
రెండు దెబ్బలు. మూడోది అడగలేదు.
ఎర్ర గీత ఎర్ర గీతని చూసుకుంది.

సోమవారం, పది గంటల ట్రిప్పు.
అరవై. అరవై ఐదు. డెబ్బై.
ఎవరో దగ్గారు. వినిపించింది.
వెనక తలుపు సందులో గాలి ఈల వేస్తోంది,
అదీ ఇన్నాళ్లూ ఉందన్నమాట.

అత్‌బాషిలో అందరూ దిగాక చూస్తే
మూడో వరసలో బురుల్సున్ అవ్వ, నోరు తెరిచి, గాఢనిద్ర.
వంతెన వెనక ఎక్కడో ఉండిపోయింది.
లేపితే నా మీదే కేకలు:
"రోజూ ఆ మోత ఆగితే వంతెన వచ్చిందని లేచేదాన్ని!
ఇప్పుడు ఎట్లా లేవాలి?"
తిరుగు చార్జీ ఇవ్వనంది. అడగలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు నిద్రపోలేదు.
బూట్లు విప్పి, మేజోళ్ల పాదాలు నేలకి ఆనించి కూర్చుంది.
అరవై దాటాక అద్దంలో అడిగాను, ఏమంటోందని.
చాలాసేపు వింది.
"ఏమీ అనడం లేదు," అంది,
కాస్త వెలితిగా.